కొండ కనబడే ఇల్లా, కొండెక్కే ఇల్లా?

ప్రశ్న: మేడమ్, మాది హైదరాబాద్. నాకు 41 ఏళ్లు, మావారికి 44. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఎక్కడి నుంచైనా పనిచేసుకోవచ్చని ఈ ఏడాది మా ఆఫీసులు ఒప్పుకున్నాయి. మాకున్న ఒకే ఒక్క సరదా కొండలెక్కడం. ఆదివారాలు ఖాజాగూడ రాళ్ల దగ్గరికి వెళ్తాం. వీలు దొరికితే వికారాబాద్ పక్కన అనంతగిరికి. వెళ్లిరావడానికే సగం రోజు పోతోంది. నా పుట్టిల్లు విజయనగరం కాబట్టి, విశాఖపట్నంలో కొండల దగ్గర ఇల్లు కొనుక్కుని స్థిరపడదాం అనుకుంటున్నాం. మూడు చూశాం. మధురవాడ వైపు హైవే పక్కన పదమూడో అంతస్తులో ఒక ఫ్లాటు. బాల్కనీలో నిలబడితే కంబాలకొండ అంతా కనబడుతుంది. రెండోది అడవివరం దగ్గర కొండ వాలులో 200 గజాల స్థలం. చుట్టుపక్కల ధరలో సగానికే ఇస్తామంటున్నారు. ఇప్పటికి అగ్రిమెంటు రాసుకుందాం, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం అంటున్నారు. మూడోది అరకులో పావు ఎకరం, చిన్న ఇల్లు కట్టుకోవచ్చని బ్రోకర్ చెప్తున్నాడు. మావారి మనసు అరకు మీద ఉంది. నాకు ఫ్లాటు నచ్చింది. మా అత్తగారికి 70 దాటాయి, మోకాళ్ల నొప్పులు. పిల్లలు ఆరో తరగతి, మూడో తరగతి చదువుతున్నారు. ఏది తీసుకోమంటారు?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మూడింటిలో ఒక్కటి కూడా తీసుకోవద్దు. మీ కోరిక మాత్రం నాకు చాలా నచ్చింది. ఇల్లు కొనేవాళ్లు మాల్ ఎంత దూరం, మెట్రో ఎప్పుడొస్తుంది, రేపు అమ్మితే ఎంతొస్తుంది అని అడుగుతారు. పొద్దున్నే లేచి కొండెక్కాలన్న కోరికతో ఊరు మారడానికి సిద్ధపడినవాళ్లు నాకు తక్కువమందే తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అరకు సంగతి, ఎందుకంటే అక్కడ మీ డబ్బు మొత్తం పోయే ప్రమాదం ఉంది. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. దాన్నే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ చట్టం అంటారు. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారడం చెల్లదు. అమ్మేది గిరిజనుడైతేనే తప్పు, గిరిజనేతరుడి దగ్గర కొంటే పర్లేదు అని బ్రోకర్లు నమ్మబలుకుతారు. అదీ చెల్లదు. మీరు షెడ్యూల్డ్ తెగకు చెందినవాళ్లయితే లెక్క వేరు. కాకపోతే మాత్రం వేరే వాళ్ల పేరు మీద రాయిద్దాం, 99 ఏళ్ల లీజు తీసుకుందాం అని ఎవరు ఏ దారి చూపించినా ఆ మాట అక్కడే ఆపేయండి. ఈ చట్టం ఎంత గట్టిదో తెలియాలంటే 1997 నాటి సమత కేసు చూడండి. అరకు దారిలోనే ఉన్న అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాల్లో ఇచ్చిన గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం తన సొంత భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వానికే కుదరనిది ఒక బ్రోకర్ చేయించి పెడతానంటే ఎలా నమ్ముతాం?

చట్టం ఒక్కటే కాదు, ఇందులో న్యాయం కూడా ఉంది. ఆ లోయలో దుంపలు, రాగులు, కాఫీ పండించుకుని బతికేవాళ్లకు ఆ భూమి తప్ప వేరే ఆధారం లేదు. మనకు ఆదివారం సరదా, వాళ్లకు అది బతుకు. మీవారికి అరకు అంటే ఇష్టం కదా, తప్పకుండా వెళ్లండి. విశాఖ నుంచి రోడ్డు మీద 115 కిలోమీటర్లు ఉంటుంది. పొద్దున కిరండూల్ రైలెక్కితే సొరంగాల్లోంచి, లోయల పక్కనుంచి తీసుకెళ్తుంది. పిల్లలకు ఆ ప్రయాణమే ఒక పండుగ. గిరిజనులే నడుపుకునే బసలో రెండు రాత్రులుండి, ఊరి కుర్రాణ్ని దారి చూపించమని అడిగి నడవండి. మీరిచ్చే డబ్బు వాళ్లింటికే చేరుతుంది. వైజాగ్‌లో ఇల్లుంటే నెలకోసారి ఇలా వెళ్లిరావచ్చు. ఈ మాట మీవారికి నెమ్మదిగా చెప్పండి. ఆయన కోరుకుంటున్నది చల్లగాలి, అడవి అయితే అవి రెండూ ఆయనకు అందుతాయి.

ఇక అడవివరం స్థలం. ఊరు చాలా బాగుంటుంది, అందులో సందేహం లేదు. ఒక పక్క సింహాచలం కొండ, ఇంకో పక్క కంబాలకొండ అడవి, మధ్యలో ఊరు. మరి సగం ధరకు ఎందుకిస్తున్నారు? అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి. వీటిని పంచగ్రామాలంటారు. అక్కడి భూములు సింహాచలం దేవస్థానానివా, అనుభవిస్తున్నవాళ్లవా అన్న తగవు దశాబ్దాలుగా నలుగుతోంది. ఇళ్లు కట్టుకుని రెండు తరాలు గడిచిన కుటుంబాలు కూడా అమ్ముకోలేక, బ్యాంకు లోను దొరక్క, పైన ఇంకో గది వేసుకోవడానికి అనుమతి రాక అల్లాడిపోతున్నాయి. ప్రతి ఎన్నికల్లోనూ ఈ సమస్య తీరుస్తామని ఎవరో ఒకరు మాటిస్తూనే ఉంటారు. ఎప్పుడైనా తీరితే ముందుగా సంతోషించేదాన్ని నేనే. అలాగని అక్కడి భూమంతా వివాదంలో ఉన్నదేనని నేను అనను. కానీ అగ్రిమెంటు మీద ఇస్తాం, రిజిస్ట్రేషన్ తర్వాత అన్నారంటే మీకు చూపించింది ఆ రకం భూమే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ.

విశాఖ చుట్టుపక్కల ఏ స్థలం చూసినా రెండు పనులు చేయండి. సర్వే నంబరు అడిగి తీసుకుని, రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్ఎస్ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా చూడండి. దాన్నే 22ఏ జాబితా అంటారు. దేవాదాయ భూమి, ప్రభుత్వ భూమి అందులో ఉంటాయి. నంబరు కనబడితే వెనక్కి వచ్చేయడమే. రెండోది, ముప్పై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే పత్రం), లింకు డాక్యుమెంట్లు (అది ఇంతకు ముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) పట్టుకుని మీరు సొంతంగా కుదుర్చుకున్న వకీలు దగ్గరికి వెళ్లండి. అమ్మేవాళ్లు చూపించిన వకీలు దగ్గరికి వద్దు. కొండ పోరంబోకు, గెడ్డ పోరంబోకు (అంటే కొండ, వాగు కింద ఉన్న ప్రభుత్వ భూమి), డి-పట్టా (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూమి) అన్న మాటల్లో ఏ ఒక్కటి వినబడినా వకీలు చూసేదాకా రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.

ఇప్పుడు మీకు నచ్చిన ఫ్లాటు. దీని గురించి చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

2008లో మేం కూడా అలాంటి ఫ్లాటే కొన్నాం. తొమ్మిదో అంతస్తు. బాల్కనీలో కుర్చీ వేసుకుంటే ఎదురుగా కంబాలకొండ. చూడటానికి వెళ్లిన మొదటి రోజు సాయంత్రం మబ్బు కొండ మీదికి దిగుతోంది. నేను ధర కూడా బేరమాడలేదు. రోజూ పొద్దున అడవిలోకి నడిచి వెళ్తాను అనుకున్నాను. ఇంటికీ అడవికీ మధ్య హైవే ఉంది. అప్పట్లో దాన్ని ఎన్‌హెచ్-5 అనేవాళ్లం, ఇప్పుడు 16. ఆ రోడ్డు దాటాలంటే పావుగంట నిలబడాలి, లేదా కారు తీసి ఎక్కడో తిప్పుకుని రావాలి. కారు తీసే పనైతే ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనిపిస్తుంది, ఆ ఎప్పుడో ఒకప్పుడు రాదు. ఆరేళ్లలో నేను ఆ అడవిలో అడుగుపెట్టింది పట్టుమని పది పన్నెండు సార్లు. రోజూ చూస్తున్నాను కాబట్టి రోజూ వెళ్తున్నట్టే ఉండేది. మోసం అక్కడే జరిగింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను. మధ్యాహ్నానికి మా హాల్లో అద్దాలు పగిలిపోయాయి. అందరం బాత్‌రూమ్‌లో కూర్చున్నాం. మర్నాడు బాల్కనీలోకి వచ్చి చూస్తే కొండ గోధుమరంగులో ఉంది, తగలబడిపోయినట్టు. ఒక్క ఆకు లేదు. కరెంటు రావడానికి రోజులు పట్టింది, లిఫ్టు లేదు, తొమ్మిది అంతస్తులు బిందెలతో నీళ్లు మోశాం. కొన్ని వారాల తర్వాత అడవి దగ్గరికి వెళ్లాను. పడిపోయిన చెట్లు గుట్టలుగా ఉన్నాయి. ఏ చెట్టు ఎక్కడుండేదో గుర్తు చేసుకుందామంటే నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆరేళ్లు ఎదురుగా ఉండి కూడా ఆ కొండ నాకు తెలియలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆ మరుసటి సంవత్సరమే ఫ్లాటు అమ్మేసి విశాలాక్షినగర్‌లో పాత డాబా ఇంట్లోకి మారాం. కింద ఇల్లు, బాల్కనీ లేదు, ఏ కొండా కనబడదు. కానీ చెప్పులు వేసుకుని బయల్దేరితే కాసేపట్లో కైలాసగిరి ఎక్కడం మొదలవుతుంది. అప్పటి నుంచి వారంలో ఐదు రోజులు నడుస్తున్నాను.

అందుకని కొండ కనబడుతోందా అని చూడకండి. ఇంటి గుమ్మం నుంచి కాలిబాట మొదలయ్యే చోటికి ఎన్ని నిమిషాలు, మధ్యలో ఏం దాటాలి అన్నది చూడండి. పది నిమిషాల లోపు అయితే రోజూ వెళ్తారు. ఇరవై దాటితే ఆదివారం వెళ్తారు. కారు కావాల్సి వస్తే హైదరాబాద్‌లో ఎలా ఉన్నారో ఇక్కడా అలాగే ఉంటారు. ఇది ఎక్కడో లెక్కగట్టి చెప్పింది కాదు, నా కాళ్లు చెప్పిన మాట. ఫ్లాటు వాళ్లు ఐదు నిమిషాల దూరమే అంటే అది కారులోనా నడకలోనా అడగండి. అడిగి ఊరుకోకుండా మీ వాచీ పెట్టుకుని మీరే నడవండి. పగలు పదకొండింటికి కాదు, పొద్దున ఐదున్నరకు. వీధి లైట్లు ఉన్నాయా, కుక్కల గుంపులున్నాయా, మీరొక్కరే వెళ్తే భయం వేస్తోందా, ఆ దారిలో ఇంకా ఆడవాళ్లు నడుస్తున్నారా. ఆఖరిది చాలా ముఖ్యం. ఆడవాళ్లు నడవని దారి మీవారికి ట్రెయిల్ అవుతుందేమో, మీకు అవ్వదు.

కంబాలకొండ గురించి ఇంకో మాట. అది దాదాపు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉండేది, అంటే మీ పుట్టింటివాళ్ల అడవే అనుకోండి. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. దానికి గేటు ఉంది, టికెట్టు ఉంది, వేళలు ఉన్నాయి, కొన్ని దారులకే అనుమతి ఉంది. లోపల చిరుతలున్నాయి. ఆ నియమాలన్నీ ఉండాల్సినవే. కాకపోతే మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తలుపు తీసుకుని వెళ్లగలిగే పెరడు కాదది. వానాకాలం తర్వాత నవంబరు, డిసెంబరుల్లో వెళ్లి చూడండి. జీవితాంతం గుర్తుంటుంది. రోజువారీ నడకకు మాత్రం వేరే చోటు ఉండాలి.

ఇంతకూ ఎక్కడ వెతకాలి? నేనైతే హైవేకి సముద్రం వైపున వెతుకుతాను. విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, ఎండాడలో జూ పార్కు గోడకు ఇటువైపు. ఈ పేటల నుంచి పెద్ద రోడ్డు దాటకుండానే కైలాసగిరికి గానీ బీచ్ రోడ్డుకు గానీ చేరొచ్చు. కైలాసగిరికి రోప్‌వే ఉంది కదా, టూరిస్టుల చోటు కదా అనుకోకండి. పొద్దున ఆరింటికి అక్కడుండేది ఈ ఊరివాళ్లే. మోకాళ్లు బాగున్నవాళ్లు మెట్ల దారిలో, బాగాలేనివాళ్లు రోడ్డు మీద ఎక్కుతారు. సెలవు రోజుల్లో భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల తీరం రోడ్డు మీద పిల్లలతో సైకిలు తొక్కొచ్చు, పెందలాడే బయల్దేరితే. ఆ దారిలో తొట్లకొండ ఉంది. పైకెక్కితే రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువుల విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, ఎదురుగా సముద్రం. మీ ఆరో తరగతి పిల్లకో పిల్లాడికో పుస్తకంలో చదివే చరిత్ర అక్కడ కాలికి తగులుతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. వాటి మీద మాత్రం జాగ్రత్తగా నడవమని పిల్లలకు చెప్పండి. చేత్తో గీరితే రాలిపోయే మట్టి అది. ఒకసారి పోతే తిరిగి రాదు.

సాగర్‌నగర్ వైపు ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఉప్పుగాలికి గ్రిల్సు, ఏసీలు, స్కూటర్లు తొందరగా తుప్పు పడతాయి. తీరానికి 500 మీటర్ల లోపు స్థలమైతే తీరంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జడ్ నిబంధనలు ఏం చెప్తున్నాయో ముందే కనుక్కోవాలి.

సముద్రం వద్దు, పూర్తిగా కొండే కావాలంటే మాధవధార, మురళీనగర్ చూడండి. మాధవధారలో కొండలోంచి వచ్చే ధార, గుడి ఉన్నాయి. అక్కడి నుంచి కొండ మీదుగా సింహాచలం చేరే పాత కాలిదారి ఉంది. ఆ దారిలో ఒంటరిగా వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి.

కొండ మొదట్లో ఇల్లు కొనేటప్పుడు ఇంటిని కాదు, ఇంటి వెనక్కి వెళ్లి చూడాలి. మన కొండల రాయి ఖొండలైటు. ఎండకూ వానకూ మెత్తబడి ఎర్రమట్టిగా మారే రకం. కొండను నిలువుగా కోసి చదును చేసిన స్థలంలో పెద్ద వాన కురిస్తే ఆ కోసిన ముఖం జారుతుంది. వెనక గోడ కట్టారా, దాని పునాది ఏపాటిది, లోపల చేరిన నీళ్లు బయటికి కారడానికి గొట్టాలు పెట్టారా, గోడలో పగుళ్లున్నాయా, పైన చెట్లు ఇటు ఒరిగి ఉన్నాయా చూడండి. తెలియకపోతే ఒక సివిల్ ఇంజనీరును వెంటబెట్టుకెళ్లండి. ఆయనకిచ్చే ఫీజు గురించి ఆలోచించొద్దు.

ఇంకొకటి గెడ్డ. హైదరాబాద్‌లో నాలా అంటారు కదా, కొండ మీది వాననీళ్లు దిగే వాగుని మా వైపు గెడ్డ అంటాం. విజయనగరం ఆడపడుచుకు నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో వచ్చి చూస్తే అది చెత్త పడేసిన గుంటలా ఉంటుంది, కొన్నిచోట్ల పైన సిమెంటు పలకలు వేసేసి రోడ్డు చేసేశారు కూడా. అక్టోబరు వానకు అది తన దారి వెతుక్కుంటుంది. మా వీధికి దిగువన నా స్నేహితురాలు ఒకావిడ కొత్త అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు ఫ్లాటు కొనుక్కుంది. రెండో ఏడాది తుపానుకు మంచం మట్టం దాకా నీళ్లొచ్చాయి. కట్టినవాళ్లను అడిగితే ఎప్పుడూ లేదండీ, ఈ ఏడాదే వచ్చిందన్నారు. పక్కింట్లో ముసలాయన్ని అడిగితే మా చిన్నప్పుడు ఇక్కడ గెడ్డలో స్నానాలు చేసేవాళ్లమమ్మా అన్నాడు. గ్రామ పటంలో కూడా గెడ్డ గీత స్పష్టంగా ఉంది. కాబట్టి పటం చూడండి, పటం కన్నా ముందు ఆ వీధిలో అరవై దాటిన మనిషిని పలకరించండి.

నీళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఎత్తున్న కాలనీల్లో, కొత్త అపార్ట్‌మెంట్లలో మార్చి నుంచి ట్యాంకర్లు తిరుగుతుంటాయి. బోర్ ఎన్ని అడుగులు, మున్సిపాలిటీ కనెక్షన్ ఉందా, ఎన్ని రోజులకోసారి వదులుతారు అని అడగడం ఒక ఎత్తు. అసోసియేషన్ వాళ్లను కిందటి మే నెల ట్యాంకర్ల బిల్లు చూపించమనడం ఇంకో ఎత్తు. రెండోదే చేయండి.

పాములు, చిరుతల గురించి మీరు అడగలేదు కానీ మీ అత్తగారు తప్పకుండా అడుగుతారు. అడవి అంచున ఉన్నాం అంటే వాటి ఇంటి పక్కనున్నట్టే. రక్తపింజర, కట్లపాము, నాగుపాము, మూడూ ఉంటాయి. పెరట్లో తుప్పలు పెరగనివ్వకుండా, కట్టెలు, ఇటుకలు కుప్ప పోయకుండా, రాత్రి టార్చి లేకుండా బయటికి వెళ్లకుండా ఉంటే చాలా వరకు ఏ గొడవా ఉండదు. కాటు పడితే తాడు కట్టడం, కోయడం లాంటివి చేయకుండా కాలు కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిండి చెత్త వీధిలో పడేస్తే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత దిగుతుంది. కాబట్టి చెత్తను సరిగ్గా తీసే కాలనీయే కావాలి. తెల్లవారక ముందు అడవి గోడ వెంట నడవొద్దు. ఇంకోటి, తుప్పల్లో తిరిగొచ్చిన వారం పది రోజులకు జ్వరం వచ్చి ఒంటి మీద ఎక్కడైనా నల్లటి మచ్చ కనబడితే స్క్రబ్ టైఫస్ (తుప్పల్లోని చిన్న పురుగులు కుడితే వచ్చే జ్వరం) ఏమో చూడమని డాక్టరుకు మీరే చెప్పండి. తొందరగా పట్టుకుంటే మామూలు మందులతో తగ్గిపోతుంది.

ఇప్పుడు మీ అత్తగారు. ఉత్తరం మొత్తంలో ఆవిడకు ఒక్క వాక్యమే దొరికింది, అదీ మోకాళ్ల నొప్పుల గురించి. ఆవిడకు ఈ ఊరు ఇష్టమేనా అని ఎవరైనా అడిగారా? హైదరాబాద్‌లో ఆవిడకు పక్కింటివాళ్లు, గుడి, కూరలబండి వాడు అంటూ ఒక లోకం ఉంటుంది. మీరిద్దరూ కొండెక్కే గంటన్నరలో ఆవిడ ఏం చేస్తారు? నా సలహా, కింది అంతస్తు ఇల్లు, లేదా జనరేటర్ మీద లిఫ్టు కచ్చితంగా నడిచే రెండు మూడు అంతస్తుల లోపు ఫ్లాటు తీసుకోండి. బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద చదునుగా నడవొచ్చు, మధ్యలో కూర్చోవడానికి గట్లున్నాయి, సాయంత్రం ఆవిడ వయసువాళ్లు బోలెడుమంది వస్తారు. హనుమంతవాక దగ్గర హెల్త్ సిటీలో పెద్ద ఆసుపత్రులు వరసగా ఉన్నాయి, విశాలాక్షినగర్ నుంచి దగ్గరే. మీకు కొండ ఎంత దగ్గరో, ఆవిడకు సమతలంగా నడిచే చోటు, డాక్టరు అంత దగ్గరుండాలి. ఈ రెండూ కుదిరే పేటలు విశాఖలో ఉన్నాయి కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పిల్లల బడి విషయం మీరే చూసుకోగలరు. ఇంటి నుంచి బడికి అరగంట దాటకూడదు, దాటితే పొద్దుటి నడకకు టైము మిగలదు. అంతే.

ముందే కొనేయకండి. జూన్‌లో బళ్లు తెరిచే వేళకు వచ్చి, మీకు నచ్చిన పేటలో పదకొండు నెలలకు అద్దెకు దిగండి. హైదరాబాద్ ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి. ఆ పదకొండు నెలల్లో ఒక వానాకాలం చూస్తారు, అక్టోబరు తుపాను రోజులు చూస్తారు, కార్తీకంలో కొండలు పచ్చగా ఉండటం చూస్తారు, ఏప్రిల్, మే ఉక్కపోత కూడా చూస్తారు. హైదరాబాద్ ఎండ వేరు, ఇక్కడ చెమట వేరు. మే నెలలో పొద్దున ఏడింటికే కొండెక్కలేని రోజులుంటాయి. అది తెలిసి కూడా మీరిద్దరూ పెందలాడే లేచి నడుస్తున్నారంటే అప్పుడు కొనండి. అద్దెకు పోయిన డబ్బు దండగ అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. నేను ఆ పని చేసి ఉంటే 2008లో ఆ ఫ్లాటు కొనేదాన్నే కాదు.

చివరగా ఒక పని చెప్తాను. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ మొదలవుతుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. లక్షలమంది నడుస్తారు. మీరూ మీవారూ ఈసారి రండి. కొండ కింద మొదటి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే దారి అడవివరం మీదుగా వెళ్తుంది. మీరు చూసిన స్థలం ఎక్కడుందో, కొండ వాలు ఎలా ఉందో కళ్లారా చూడొచ్చు. ముడసర్లోవ దాటి హనుమంతవాక దగ్గర హైవే తగులుతుంది. మామూలు రోజున ఆ రోడ్డు ఎలా దాటాలో అక్కడ నిలబడి ఆలోచించండి. తర్వాత విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం మీదుగా అప్పూఘర్ దగ్గర సముద్రం. జనం స్నానాలు చేస్తుంటారు. అక్కడి నుంచి ఊళ్లోకి మళ్లి మాధవధార, మురళీనగర్ మీదుగా మళ్లీ కొండ దగ్గరికి. దారి పొడవునా ప్రతి వీధిలో మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర పెట్టి పిలుస్తారు. ఆగి తీసుకోండి. ఈ వీధిలో గెడ్డ ఎటు దిగుతుందండీ, ఎండాకాలం నీళ్లొస్తాయా అని అడగండి. ఆ రాత్రి అందరూ తీరిగ్గా, ప్రేమగా మాట్లాడతారు. విశాలాక్షినగర్ మలుపు దగ్గర మా వీధివాళ్లం మజ్జిగ ఇస్తుంటాం.